పాదోదకమునకు నీరెక్కడిది?

ప్రాతఃకాలమున వీరశైవుడు స్నానము చేసి, విభూతి ధరించి, ఎడమ అరచేతిలో ఇష్టలింగమును నిలుపుకొని అభిషేకించును. అష్టావరణములలో పాదోదకమొకటి. ఆ తీర్థమును కన్నులకద్దుకొని స్వీకరించుట తరతరముల ఆచారము. లింగమును తాకక పూర్వము ఆ నీరు ఎక్కడి నుండి వచ్చినదని విచారించు భక్తులు మాత్రము కొద్దిమందియే.

రంగారెడ్డి జిల్లా యాచారము మండలమున ఆ నీరు చాలవరకు బోరుబావి నీరు. చెరువు నిండిన సంవత్సరము బోరు పలుకును. చెరువెండిన సంవత్సరము రైతు అప్పుచేసి మరికొంత లోతు తవ్వించును. తూర్పుననున్న నల్లగొండ జిల్లా మఱ్ఱిగూడ ప్రాంతమున నీటిలోని ఫ్లోరైడు వలన ఎందరి ఎముకలు వంగిపోయినవో ఈ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. ఆ నీరు చూచుటకు తేటగానే ఉండును. బిందెలో కనబడని కీడును కనుగొనుటకు విద్య కావలెను.

యాచారము, కందుకూరు, కడ్తాల్ మండలములలో సుమారు 19,000 ఎకరములలో ఔషధ నగరము, జనులనుమాటలో ఫార్మాసిటీ, నిర్మింపవలెనని తెలంగాణ ప్రభుత్వము సంకల్పించినది. 2017లో పర్యావరణ విషయమై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. మేడిపల్లి, నానక్‌నగర్, తాడిపర్తి, కుర్మిద్ద గ్రామముల రైతులు ఏండ్ల తరబడి అభ్యంతరము తెలిపిరి. మేడిపల్లి, కుర్మిద్దలకు సంబంధించిన భూసేకరణ అవార్డులను 2023లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. రైతుల అభ్యంతరములను విధిగా ఆలకింపలేదన్నది అందలి ముఖ్యాంశము. 2024 నుండి ఆ ప్రాంతమున ఫ్యూచర్ సిటీ అను మాట వినవచ్చుచున్నది. పేరేదైనను నేల అదియే, నేలక్రింది నీరును అదియే.

ఔషధమును నిందించుట ధర్మము గాదు. రక్తపోటుకు నిత్యము మాత్ర మ్రింగు భక్తుడు మందుల కర్మాగారమే పాపమనినచో ఆ మాట నిలువదు. అందు పనిచేయువాని శ్రమయు కాయకమే. అయితే మందు దేశమందరికిని పోవుచుండగా దాని మడ్డి ఏ యింటి ముంగిట నిలుచును? ప్రశ్న అంతయు ఇచ్చటనున్నది.

దీనికి పటాన్‌చెరువు సాక్షి. అచ్చటను బొల్లారమునను పారిశ్రామికవాడలు వెలసిన పిదప వ్యర్థజలము నక్కవాగులో పడి మంజీరా నది దెసకు సాగెను. ఊరి బావులు చెడెను, పైరులు మాడెను. 1990లో సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యము న్యాయస్థానము నుండి న్యాయస్థానమునకు మారి, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునలు తీర్పుతో ఒక కొలిక్కి వచ్చినది. ఇరువదియేడు సంవత్సరములు! వ్యాజ్యము వేసిననాడు పుట్టిన బిడ్డ తీర్పునాటికి తానే బిడ్డలతల్లి కాదగిన కాలము. అచ్చట వైద్యులైన డాక్టరు కిషన్‌రావు దశాబ్దములపాటు ఆ గ్రామముల పక్షమున నిలిచిరి. వైద్యుడు రోగి నాడిని చూచుటతో ఆగక, రోగి త్రాగు నీటిని గూర్చి అడిగినందుననే ఆ పని సాగినది.

ఇట్టి అడుగుట, ఇట్టి వినుట వీరశైవమునకు క్రొత్త గాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున అనుభవ మంటపము నడచినది. బిజ్జలుని భండారి యగు బసవేశ్వరుడు అందు కూర్చుండెను. శూన్యసింహాసనమున అల్లమప్రభువుండెను. వారి సరసనే బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య కూర్చుండిరి. మాచయ్యకు రేవు తెలియును, చౌడయ్యకు ప్రవాహము తెలియును. నీటిని గూర్చిన మాట వచ్చినచో ఆ సభలో పండితుడెవడు, శిష్యుడెవడు? ఒకరి కాయకము ఒకరికి పాఠమగుటయే ఆ మంటపపు పద్ధతి.

అందును అయిదక్కి మారయ్య దంపతుల కథ యాచారమునకు మిక్కిలి దగ్గరిది. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి జంగమ దాసోహము జరుపుట మారయ్య కాయకము. ఒకనాడాతడు అలవాటుకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ మూట చూచి, నిత్యమునకు చాలినంత ఉంచి, మిగిలినది ఎచ్చటనుండి తెచ్చితిరో అచ్చటనే పోసిరండని మగనిని మరలించెను. బియ్యపు మూటకే లెక్క అడిగిన లక్కమ్మ పందొమ్మిదివేల ఎకరముల మూటను చూచిన ఏమని అడిగియుండెడిదో పాఠకులే ఊహింపవచ్చును. ఇందు గమనింపవలసినది మరొకటి. ఆమె చెప్పినది, ఆతడు వినెను. నేటి గ్రామసభలలో స్త్రీలు అరుగు చివర నిలిచి వినుటయే గాని లెక్క అడుగుట అరుదు.

నందీశ్వరుని పేరు మోయు నందివనపర్తి గల మండలమిది. బసవనామమునకు వృషభమే మూలము. ఇచ్చటి మఠములును శరణ కుటుంబములును సోమవారపు భజన ముగిసిన పిదప ఒక గడియ ఇట్టి గోష్ఠికి కేటాయింపవచ్చును. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణకు కనీసము 30 దినములు ముందుగా నోటీసు రావలెను. నివేదిక సారాంశము ప్రాంతీయ భాషలో ఉండవలెను. పూర్తి నివేదికను కలెక్టరు కార్యాలయము మొదలగు చోట్ల ఎవరైనను చూడవచ్చును. దానిని ఒక్కడు చదివిన బరువు. పదిమంది పంచుకొనిన తేలిక. కళాశాలలో చదువు బాలిక ఇంగ్లీషు పుటను తెలుగులో చెప్పును. బోరు వేయువాడు ఎన్నవ అడుగున రాయి తగిలినదో, ఎచ్చట నీరూరినదో చెప్పును. గొఱ్ఱెలకాపరి వానకాలపు వాగు ఏ మలుపు తిరుగునో చూపును. నివేదికలోని పటమున ఆ వాగు ఉన్నదా లేదా అన్నది అప్పుడే తేలును.

ఆ గోష్ఠి లింగధారులకు మాత్రమే యనినచో అది మంటపము గాక చుట్టముల విందు అగును. ఒక చేదు మాట ఇచ్చట చెప్పక తప్పదు. అసైన్డు భూమి సాగు చేసికొను దళిత కుటుంబమునకు నిర్ణయించిన పరిహారము పట్టాదారునకు నిర్ణయించినదానికన్న తక్కువ. కౌలుదారునకును కూలికిని కాగితమే లేదు. పట్టా గలవాడు తన వెల కుదిరినంతనే మౌనము వహించిన, అతని నొసటి విభూతికి అర్థమేమి? శరణులలో హెచ్చుతగ్గులు లేవనుట శివాచారము. గణమునకు జరుగు అన్యాయమును సహింపకుండుట గణాచారము. నిత్యము వల్లించు పంచాచారములలోనివే ఈ రెండును. కొన్ని కుటుంబములు అవసరము కొలది ఇదివరకే భూమి నిచ్చివేసినవి. వారిని దూషింపరాదు, గోష్ఠికి పిలువవలెను. ఆ కాగితములపై ఏమి వ్రాసియుండెనో, చేతికి ఏమి వచ్చెనో వారికన్న తెలిసినవారు లేరు.

మొదటి సోమవారమునకు గ్రంథమేదియు అక్కరలేదు. ప్రతి యింటినుండియు ఒక సీసా నీరు తేవలెను. సీసాపై చీటీ అంటించి ఏ బోరుదో, ఎన్ని అడుగుల లోతుదో, ఏ తేదీన పట్టినదో వ్రాయవలెను. కర్మాగారము రాకమునుపటి నీటి లెక్క ఊరిదగ్గర లేనిచో, వచ్చిన పిదప చెడినదని నిరూపించుట మిక్కిలి కష్టము. ప్రయోగశాలకు పంపి తెప్పించిన ఫలితములను ఒక పుస్తకమున ఎక్కించి, దాసోహపు జమాఖర్చుల ప్రక్కననే మఠమున భద్రపరుపవలెను. లింగధారి ఇంటి సీసా, వాడకట్టు చివరి ఇంటి సీసా ఒకే బల్లపై ఉండవలెను.