లెక్క తప్పితే తప్పెవరిది?

లెక్కలు కొందరి బుర్రకే ఎక్కుతాయన్న అభిప్రాయం మన విద్యావంతుల్లో బలంగా పాతుకుపోయింది. ఇది నిజమా? నిజం కాకపోతే దీనివల్ల లాభం ఎవరికి? ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూడకూడదని నా అభిప్రాయం.

దివిసీమలో ఏడో తరగతి పిల్లవాడికి ఒక లెక్క ఇచ్చామనుకుందాం. ఎకరాకు 30 బస్తాల ధాన్యం పండితే 40 సెంట్లకు ఎంత? వాడు నూటిని ముప్పైతో హెచ్చవేసి, నలభైతో భాగించి, 75 అని రాస్తాడు. అరెకరమైనా లేని చెక్కలో ఎకరాన్ని మించిన పంట! ఈ మాట పొలం గట్టు మీద ఎవరైనా అంటే, కౌలురైతు కొడుకైన ఆ పిల్లవాడే పకపకా నవ్వుతాడు. నోటుపుస్తకంలో తాను రాసినప్పుడు మాత్రం నవ్వడు. జవాబు 12 బస్తాలని తేల్చగల వివేకం వాడికి లేక కాదు; ఆ వివేకాన్ని చెప్పులతోపాటు బడి గుమ్మం బయట వదిలి రమ్మని మనమే నేర్పాం.

బ్రెజిల్‌లో 1985లో ప్రచురితమైన ఒక పరిశీలన ఇదే సంగతి చెప్పింది. వీధుల్లో సరుకులమ్ముకునే అయిదుగురు పిల్లలు బేరం దగ్గర నూటికి 98 లెక్కలు సరిగా చెప్పారు. అవే లెక్కలను ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే సరిపోయినవి 37.

‘ఈ జవాబు పొసగుతుందా? ఈ దారే ఎందుకు పట్టాను?’ అని తన ఆలోచనను తానే పరీక్షించుకోవడాన్ని అమెరికా మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్ 1970లలో మెటాకాగ్నిషన్ అన్నాడు. అంతకుముందే, 1945లో, గణితజ్ఞుడు జార్జి పోల్యా, లెక్క పూర్తయ్యాక వెనుదిరిగి చూసుకోవడం లెక్కలో భాగమేనన్నాడు. ఈ అలవాటున్న విద్యార్థులు గణితంలో ముందుంటారని తరువాతి పరిశోధనలు చూపాయి.

అయితే ఇక్కడ ఆగితే ప్రమాదం. నిన్న ‘బుర్ర లేదు’ అన్నవారే రేపు ‘ఆత్మపరిశీలన లేదు’ అంటారు. పేరు కొత్తది, నింద పాతదే. సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పినట్లు, ఉన్నతమైన ఆలోచనాశక్తులు మొదట మనుషుల మధ్య పుట్టి, తరువాతనే మనసు లోపలికి చేరుతాయి. ‘ఎలా చేశావురా?’ అని ఎవరూ ఎన్నడూ అడగని పిల్లవాడు తన్ను తాను ఎలా అడుగుతాడు? ఉద్యోగి ఇంట్లో అడిగేవారుంటారు. పొద్దంతా నాట్లు వేసి వచ్చిన తల్లికి ఆ తీరిక ఎక్కడిది? అడగవలసింది బడి.

బందరు, గుడివాడ ప్రాంతాల్లో నేను చూసిన తరగతులు చాలావరకు జవాబునే అడుగుతాయి, దారిని అడగవు. లెక్కకొక మూస, వారానికొక పరీక్ష. ‘ఎందుకు సార్?’ అనేవాడు కాలహరణం చేసేవాడు. ఉపాధ్యాయుణ్ణి కూడా ఫలితాల శాతంతోనే తూస్తున్నారన్నది నిజం. తప్పంతా ఆయన నెత్తిన వేయడం అన్యాయం. కానీ బందరులోనే 1910లో ప్రారంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల చదువునూ చేతిపనినీ కలపాలని తలపెట్టింది. గట్టు మీది వివేకాన్ని తరగతిలోకి ఆహ్వానించడం మనకు పరాయి ఆదర్శమేమీ కాదు.

తన లెక్కను తాను సరిచూసుకోగలవాడు రేపు కౌలు లెక్కనూ, వడ్డీ లెక్కనూ, మిల్లు కాటానూ సరిచూస్తాడు. వాడికి లెక్కలు రావని వాడినే నమ్మించడం వల్ల లాభం ఎవరికో వేరే చెప్పనక్కరలేదు.