సూత్రం విఫలమైనప్పుడు పాఠానికి దక్కేదేమిటి?

1972లో మార్సేయ్‌లో ఆలెన్ కోల్మెరోవర్ బృందం రూపొందించిన ప్రోలాగ్ అనే తర్కభాష ఫ్రెంచి వాక్యాల విశ్లేషణ నిమిత్తం పుట్టినది. ఇందులో వ్యాకరణ సూత్రాలను వ్రాసి, ఫైలులోని పాఠాన్ని వాటికి జాబితాగా అందించవచ్చు. ఆ జాబితా చివర విలువ పొందని చరరాశి ఒకటి ఉంటుంది. సూత్రం అడిగినప్పుడే తరువాతి భాగం అందులోకి వస్తుంది. దీనిని ‘సోమరి’ పఠనమని వ్యవహరిస్తారు; ‘వేచి చదవడం’ అనడమే నాకు ఉచితంగా తోస్తుంది. చదివిన అక్షరం ఇక్కడ ఖర్చయిపోదు. ఒక సూత్రం విఫలమై మరొకటి మొదటికి మరలినా కనిపించేది అదే పాఠం. శుద్ధత అంటే ఇదే.

విశాఖ రేవులో వినవచ్చే ‘ఓడ ఎల్లిపోనాది’ అన్న వాక్యాన్ని, ‘వెళ్ళిపోయినది’ అనే రూపం మాత్రమే ఎరిగిన సూత్రానికి ఇచ్చామనుకుందాం. ‘ఎ’ దగ్గరే అది ఆగిపోతుంది. పాఠానికి చెరుపు లేదు, నిజమే. కాని ‘పోనాది’లోని క్రియానిర్మాణాన్ని ఎవరూ పరిశీలించలేదు. అడగనిదానిని చదవకపోవడం యంత్రానికి పొదుపు. పరిశోధకుని విషయంలో అది అన్యాయం కావచ్చు. తాళపత్రాన్ని తనకు తోచినట్లు దిద్దిన పరిష్కర్తను మనం తప్పుపడతాము. మాండలికాన్ని మొదటి అక్షరం దగ్గరే తోసిపుచ్చిన పండితుడు దేనినీ దిద్దలేదు గనుక నిర్దోషిగా మిగులుతున్నాడు. గిడుగు రామమూర్తి (1863–1940) వ్యవహారభాషావాదంలోని నైతిక బలం ఈ రెండవ దోషాన్ని గుర్తించడంలోనే ఉన్నదని నా అభిప్రాయం. విఫలమైన చోట మరో సూత్రం వ్రాయవలసినవాడు వ్యాకర్త. పాఠం మొదటి అక్షరం నుండి అక్కడే ఉన్నది.