ఈత చెడిన పంది, కాపరి బాకీ

పంది చూలు సుమారు 114 రోజులు. ఈత సవ్యంగా సాగితే పిల్లకూ పిల్లకూ మధ్య పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. నొప్పులు పడుతున్నా ముప్పావుగంట దాకా పిల్ల రాలేదంటే సాయం అవసరమే. పిల్ల అడ్డం తిరగడం కంటే గర్భసంచి అలిసి నొప్పులు ఆగిపోవడమే పందుల్లో ఎక్కువ. ఒళ్లు కొవ్వెక్కినా, మలబద్ధకం ఉన్నా ఈత ఆలస్యమవుతుంది. ఎండ మరో కారణం. పందికి చెమట పట్టదు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వేసవిలో ఈనే పందికి ఇంకో కష్టం అక్కర్లేదు.

ఈత గంటల తరబడి సాగినా, మురికి చేత్తో పిల్లను లాగినా, మాయ ముక్క లోపల మిగిలినా గర్భసంచికి చీము పట్టవచ్చు. పాలు మాన్పించిన వారంలోపు ఎదకు రావలసిన పంది రాదు; వచ్చినా చూలు కట్టదు. అన్నీ ఇలా చెడిపోవు, సాయం వేళకు అందినవి చాలావరకు మళ్లీ ఈనుతాయి. రెండు మూడు ఎదలు చూసి, కట్టని దాన్ని కోతకు అమ్మడం రివాజు.

ధర్మసందేహం ఇక్కడే పుడుతుంది. ఆ పంది గొడ్డుపోయింది కాపరికి పిల్లల్నివ్వబోయే. అటువంటప్పుడు దాని విలువ కట్టాల్సింది గర్భాన్ని చూసేనా?

మాచర్ల సీమలోని నాగార్జునకొండ తవ్వకాల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులు దొరుకుతాయి. అక్కడి తలలేని దేవతా శిల్పం ఇక్ష్వాకు రాజు ఎహువుల శాంతమూలుని రాణి ఖండువుల చేయించినది. భర్తా బిడ్డలూ బతికున్న స్త్రీగా ఆమె తనను శాసనంలో చెప్పుకుంది. ఆడదాని గౌరవం సంతానంతో ముడిపడిన లోకమది. అదే లోయలో హారీతి గుడీ బయటపడింది. ఇతరుల బిడ్డల్ని తినే ఈ యక్షిణికి బిడ్డలు 500 మంది. బుద్ధుడు ఒక్కణ్ణి దాచేసరికి తల్లడిల్లి, తన తిండి మానుకుంది. అందుకు బదులుగా భిక్షువులు రోజూ ఆమెకు అన్నం పెట్టాలని ఏర్పాటైంది. ఒకరిచేత నష్టం ఒప్పించినవారే ఆ నష్టపడినవారి తిండి బాధ్యత మొయ్యాలన్నది ఈ కథలో గట్టి న్యాయం. ఖండువుల కొలతలో గొడ్డుపంది సున్నా. హారీతి లెక్కలో దానికి కాపరి బాకీ ఉన్నాడు.

అయితే భిక్షువుల అన్నం దాతలిచ్చింది. పందుల మీదే బతికే ఎరుకల కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. గొడ్డుపందిని చచ్చేదాకా మేపమనడం కడుపు నిండినవారి ధర్మం. బాకీ తీర్చే చోటు ఈత దగ్గరే: నీడ, నీళ్లు, శుభ్రమైన చెయ్యి, వేళకు డాక్టరు. దారిలో పిల్ల ఇరుక్కుని ఉండగా ఆక్సిటోసిన్ పొడవడం సాయం కాదు, హింసే.

చట్టం కూడా ఈ విలువ దగ్గర తడబడింది. 1958లో సుప్రీంకోర్టు ఖురేషీ కేసులో ఆవుల వధపై పూర్తి నిషేధాన్ని సమర్థించింది. పాలివ్వని, ఈనని గేదెల విషయంలో మాత్రం అలాంటి నిషేధం చెల్లదంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టంలో పంది ఊసే లేదు. 2001 నాటి కబేళా నిబంధనలు మాత్రం చూడి జంతువునూ, మూడు నెలలు నిండని పిల్లలున్న తల్లినీ కొయ్యరాదన్నాయి. ఇందులో పందికి మినహాయింపు లేదు. నెలన్నరకు పాలు మాన్పిస్తే, ఆ మూడు నెలల గడువులోపు ఈత చెడిన పందికి 21 రోజుల తేడాతో కనీసం రెండు ఎదలు దక్కుతాయి. కబేళా బయట కోసేచోట ఈ గడువు కాపరి మనసును బట్టే ఉంటుంది.