ఇరుసూ కందెనా: ముదిమిలో పడిపోవడం విధిరాతేనా?

స్నానాల గదిలో కాలు జారి పెద్దాయన తుంటి ఎముక విరిగితే, ఇంట్లో మొదట వినిపించే మాట గ్రహచారం. "ఏదో గండం, రాసిపెట్టి ఉంది" అనుకుంటారు. ఓదార్పుగా అనే ఆ మాట వెనుక ఒక సిద్ధాంతం ఉంది. ఆపద వేళ ముందే ఖాయమైపోయిందని, మనిషి చేయగలిగింది ఏమీ లేదని దాని సారం. డెబ్బై ఏళ్ళు దాటినవారి చేత ఫిజియోథెరపిస్టు గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడే సాధన చేయించడం దీనికి సరిగ్గా ఎదురు వాదం. కనుక వృద్ధులు పడిపోకుండా చూడడం వైద్య విషయమే కాదు, దైవానికీ పురుషకారానికీ మధ్య సాగుతున్న పాత చర్చలో భాగం కూడా.

ఈ చర్చను ఆయుర్వేదం నేరుగా ఎదుర్కొంది. ఆయుష్షుకు ముందే నిర్ణయించిన కొలత ఉందా అని చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు ఆత్రేయుణ్ణి అడుగుతాడు. ఆయుష్షు దైవం మీదా, పురుషకారం మీదా ఆధారపడుతుందని ఆత్రేయుడి సమాధానం. ఇక్కడ దైవమంటే పూర్వజన్మలో చేసిన కర్మ, పురుషకారమంటే ఈ జన్మలో చేసే ప్రయత్నం. అంతా ముందే ఖాయమైతే మందులెందుకు, మీదికొచ్చే ఏనుగునుంచి తప్పుకోవడమెందుకు అన్నది ఆయన తర్కం. ఆ వెంటనే బండి ఇరుసును ఉదాహరణగా చూపుతాడు. మంచి ఇరుసు సక్రమంగా వాడితే అరిగి అరిగి తన కాలానికే పోతుంది. బరువు ఎక్కువైనా, దారి ఎగుడుదిగుడైనా, చక్రం విరిగినా, తోలేవాడు తప్పు చేసినా, కందెన లేకపోయినా నడిమధ్యలోనే విరుగుతుంది. మొదటిది కాలమరణం, రెండోది అకాలమరణం.

ఈ కాలపు వైద్యం చెప్పే కారణాలు కూడా ఇలా అనేకంగానే ఉన్నాయి. మనిషి నిటారుగా నిలబడటానికి కళ్ళు, లోపలి చెవి, పాదాల్లోనూ కీళ్ళలోనూ ఉండే స్పర్శజ్ఞానం ఒకేసారి మెదడుకు కబురు పంపుతుండాలి. వయసుతో ఈ మూడూ మందగిస్తాయి. తొడల్లో, పిక్కల్లో కండ తగ్గుతుంది. నిద్రమాత్రలు మత్తు కలిగిస్తాయి. కొన్ని బీపీ మందుల వల్ల లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. వీటికి తోడు తడిసిన నాపరాయి, ఎత్తు గడప, అరిగిపోయిన హవాయి చెప్పులు, రాత్రి దీపం లేని నడవా. వీటిలో ఏ ఒక్కటీ విడిగా పడేయకపోవచ్చు. రెండు మూడు కలిసిన క్షణాన కాలు తప్పుతుంది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ మరణాల్లో ఎనభై శాతానికి పైగా పేద, మధ్యస్థాయి ఆదాయ దేశాల్లోవే.

కారణాలు ఇన్ని ఉన్నప్పుడు ప్రయత్నానికీ అన్ని చోట్ల తావుంటుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో 1990లలో రూపొందిన వ్యాయామ క్రమం ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. చీలమండకు బరువు కట్టుకుని కాలు లేపడం, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవడం, చేతుల ఊతం తగ్గించుకుంటూ కుర్చీలోంచి లేవడం లాంటివి ఇంట్లోనే వారానికి మూడుసార్లు చేయిస్తారు. విడిగా నడక కూడా ఉంటుంది. 2019లో కొక్రేన్ సమీక్ష 108 ప్రయోగాలను కలిపి పరిశీలించి, సొంత ఇళ్ళలో ఉండే వృద్ధులు పడే సంఖ్యను వ్యాయామం దాదాపు 23 శాతం తగ్గిస్తుందని తేల్చింది.

కుర్చీలోంచి లేవడాన్నే దగ్గరగా చూస్తే ఈ సాధన తీరు తెలుస్తుంది. మడమలు వెనక్కి లాగాలి, నడుము ముందుకు వంచాలి, ఒక్క క్షణం బరువంతా పాదాల మీదికి రావాలి. ఆ క్షణంలో ఒళ్ళు తూలుతుంది. థెరపిస్టు చెయ్యి దగ్గరలోనే ఉంచుతాడు కానీ పట్టుకోడు. ఆ తూలుడును సర్దుకోవడమే శరీరం నేర్చుకోవలసిన పాఠం. పట్టుకుంటే పాఠం ఆగిపోతుంది. తూలే అంచు దాకా తీసుకెళ్ళకుండా నిలకడ నేర్పడం కుదరదు.

నశించిపోయే దేహానికి ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న వైరాగ్యం వైపు నుంచి వస్తుంది. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతోనూ, ఆత్మను అందులో కూర్చున్న రథికుడితోనూ పోల్చింది. రథం రథికుడు కాదు, నిజమే. అంతమాత్రాన దాన్ని విరగనివ్వమని ఆ పోలిక చెప్పదు. ప్రయాణం దాని మీదే సాగాలి. బుద్ధుడి చివరి రోజులు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఎనభై ఏళ్ళ వయసులో, జబ్బు నుంచి కోలుకున్నాక, తన దేహం కట్లు కట్టి నడిపిస్తున్న పాత బండిలా ఉందని ఆయన ఆనందుడితో చెప్పినట్టు మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. అయినా ప్రయాణం ఆపకుండా కుశీనగరం దాకా నడిచాడు. దేహం మీద మమకారం లేకపోవడం ఒకటి, దేహాన్ని గాలికి వదిలేయడం వేరొకటి.

మరో చిక్కు ప్రేమ వల్ల వస్తుంది. ఒకసారి పడ్డాక పిల్లలు "నువ్వు లేవకు నాన్నా, మేం తెచ్చిస్తాం" అంటారు. మళ్ళీ పడతానన్న భయం ఆయనకూ ఉంటుంది. ఈ భయాన్ని కొలవడానికి అమెరికా వైద్యురాలు మేరీ టినెట్టి, సహచరులు 1990లో ఒక కొలబద్ద తయారుచేశారు. స్నానం, కుర్చీలోంచి లేవడం లాంటి పనులు పడకుండా చేసుకోగలనన్న నమ్మకం ఎంత ఉందో అది అడుగుతుంది. భయంతో కదలిక తగ్గితే కండ తగ్గుతుంది, కండ తగ్గితే పడే అవకాశం పెరుగుతుంది. కాపాడాలని కూర్చోబెట్టడం కందెన ఆపేయడమే అవుతుంది. మనోవైకల్యం ఉన్నవారిని అతిగా కాపాడటం గురించి 1972లో రాబర్ట్ పెర్‌స్కీ రాస్తూ, కొంత ప్రమాదాన్ని ఎదుర్కొనే హక్కు మనిషి గౌరవంలో భాగమన్నాడు. ఆ ఆలోచన వృద్ధులకూ వర్తిస్తుంది. పెరట్లోకి వెళ్ళి మందారాలు కోసుకోవాలా వద్దా అన్నది, బుద్ధి స్థిరంగా ఉన్నంతవరకు, ఆ పెద్దావిడే తేల్చుకోవాలి. ఇంటివాళ్ళ వంతు దారిలో పట్టుకోవడానికి కమ్మీ బిగించడం, వాకిట్లో నాచు గీకించడం.

పురుషకారానికీ హద్దులున్నాయి. మతిమరుపు ముదిరినవారికి, ఎముకలు గుల్లబారినవారికి, నరాల జబ్బులున్నవారికి వ్యాయామం ఒక్కటే సరిపోదు. చేతికర్రో వాకరో, మందుల మార్పో, పక్కన మనిషో కావాలి. అన్నీ చేసినా పడేవారు ఉంటారు. ఆ పడటాన్ని వారి నిర్లక్ష్యానికి అంటగట్టడం విధిని నిందించినంత తేలికైన తప్పు. చరకుడి గ్రంథం పురుషకారాన్ని చెబుతూ దైవాన్ని తోసిపుచ్చకపోవడం ఇందుకే. సక్రమంగా వాడిన ఇరుసు కూడా ఒకనాటికి అరుగుతుంది. దాన్ని ఆ నాటిదాకా నడవనివ్వడమే ఈ సాధనలన్నిటి ఉద్దేశం.