హోటల్ భోజనమా, ఇంటి వంటా? ఖర్చుకు హద్దు ఎక్కడ?

జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మస్జిదు వరండాలో నా పక్కన వచ్చి కూర్చున్నారు. "మౌలానా సాబ్! మా ఇంట్లో ఒక పేచీ ఉంది. మీరే తీర్చాలి" అన్నారు. ఆయనది ప్రైవేటు ఉద్యోగం. భార్య, ముగ్గురు పిల్లలు. ప్రతి ఆదివారం కుటుంబమంతా హోటల్లో భోజనం చేస్తారు. ఒక్కోసారికి దాదాపు 1,500 రూపాయలు అవుతుంది. "ఇది ఇస్రాఫ్ కదా, ఇకమీదట ఇంట్లోనే వండుకుందాం అంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ధర్మం ఏమంటుందో చెప్పండి" అని అడిగారు.

ఇది ఆ ఒక్క ఇంటి పేచీ కాదు. ఈ రోజు మన ఇళ్లలో చాలాచోట్ల నడుస్తున్నదే. కాబట్టి కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఇస్రాఫ్ అంటే ఏమిటి?

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఆహారం హలాల్ అయితే, సంపాదన హలాల్ అయితే, హోటల్లో తినడం పాపం కాదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దానిని మనం నిషేధించలేము. తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్నదే దివ్య ఖుర్ఆన్ బోధన సారం (7:31). ధర్మవేత్తలు ఇక్కడ రెండు మాటలను వేరు చేసి చెప్పారు. అసలు ఖర్చు పెట్టకూడని చోట పెట్టడం తబ్జీర్. ధర్మసమ్మతమైన చోటనే హద్దు దాటి పెట్టడం ఇస్రాఫ్. పిసినారితనం కూడా అల్లాహ్‌కు ఇష్టం లేదు. కరుణామయుని దాసులు దుబారా చేయరు, లోభత్వమూ చూపరు, ఈ రెంటికీ నడుమ నిలుస్తారని సూరె ఫుర్ఖాన్ తెలుపుతోంది (25:67).

మరి ఆ హద్దు ఎంత? నెలకు ఒకసారా, నాలుగుసార్లా? 500 రూపాయలా, 5,000 రూపాయలా? షరీఅత్ ఇలాంటి అంకె ఏదీ నిర్ణయించలేదు. ఎందుకంటే ఒకరికి దుబారా అయినది మరొకరికి మామూలు ఖర్చు కావచ్చు. అంకె లేదంటే హద్దే లేదని కాదు. ఆ హద్దు ఎక్కడుందో హజ్రత్ ఉమర్ (రజి) చూపించారు.

ఒక దిర్హమ్ మాంసం

ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) తమ ముఅత్తాలో ఒక సంఘటన ఉల్లేఖించారు. హజ్రత్ జాబిర్ (రజి) మాంసం తీసుకువెళుతుండగా హజ్రత్ ఉమర్ (రజి) చూసి, ఇదేమిటని అడిగారు. మాంసం తినాలని మనసైంది, ఒక దిర్హమ్ పెట్టి కొన్నానని ఆయన చెప్పారు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ధర ఎక్కువని అనలేదు. మాంసం ఎందుకని కూడా అనలేదు. పొరుగువాణ్ణి, దగ్గరి బంధువును వదిలేసి తన కడుపు మాత్రమే నింపుకోవాలని మీలో ఎవరైనా కోరుకుంటారా అన్న భావంతో నిలదీశారు.

గమనించండి! మాంసం హలాల్. సొమ్ము హలాల్. ఖర్చు ఒక్క దిర్హమ్. అయినా ప్రశ్న తప్పలేదు. ఆ ప్రశ్న ఎంత ఖర్చు చేశావని కాదు, ఎవరి హక్కు మరిచావని. ఇదే అసలైన కొలబద్ద.

ఇంటి కుండకూ హోటల్ పళ్లానికీ తేడా ఇక్కడే ఉంది. ఇంట్లో బగారా అన్నం, దాల్చా వండితే అనుకోని అతిథికి కూడా సరిపోతుంది. పక్కింటికి ఒక గిన్నె వెళుతుంది. షోర్బా వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ర్ (రజి)కు ఉపదేశించారు (ముస్లిం). హోటల్లో మనిషికింత అని లెక్క. అక్కడ పొరుగువాని వాటా దానంతట అది రాదు. మనమే గుర్తుపెట్టుకుని తీయాలి.

నేను ఆ సోదరుణ్ణి అడిగాను: "మీకు అప్పులేమైనా ఉన్నాయా? మీ మీద ఆధారపడిన బంధువులెవరైనా ఉన్నారా?" ఆయన కాసేపు మౌనంగా ఉండి, భర్తను కోల్పోయిన అక్క ఊళ్లో ఉందని, రంజాన్‌లో కొంత పంపాక మళ్లీ పంపలేకపోయానని చెప్పారు. ఆదివారానికి 1,500 చొప్పున నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు. ఇందులో నలభయ్యో వంతు 1,800. జకాత్‌లో తీసేది నలభయ్యో వంతే కదా! ఒక పూట భోజనానికి 1,500 ఇవ్వడానికి వెనుకాడని చేయి, అక్కకు 1,800 పంపడానికి ఏడాదంతా ఆగిందంటే, లోపం హోటల్లో లేదు.

పొయ్యి దగ్గరి చెమటకు లెక్క ఏది?

ఇక రెండో వైపు. "ఆదివారం ఇంట్లో వండితే ఎవరు వండుతారు?" అని అడిగాను. "మా ఆవిడే" అన్నారు. "మిగతా ఆరు రోజులు?" అన్నాను. ఆయన నవ్వి తల దించుకున్నారు.

ఇంటి వంట చౌక అంటాం. బియ్యం, నూనె, మాంసం లెక్క వేస్తాం. పొయ్యి ముందు నిలబడిన ఇల్లాలి శ్రమను మాత్రం లెక్కలో వేయం. సేవకుడు భోజనం తెచ్చినప్పుడు అతన్ని పక్కన కూర్చోబెట్టుకోలేకపోయినా ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వాలని, దాని వేడినీ శ్రమనూ భరించింది అతనే కదా అని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ). సేవకుని హక్కే ఇంతటిదైతే, జీవిత భాగస్వామి హక్కు ఎంతటిది!

హనఫీ ఫిఖహ్ గ్రంథాల్లో ఒక మస్అలా ఉంది. భార్య అనారోగ్యంతో వంట చేయలేకపోతే, లేదా వంటపని చేయని కుటుంబం నుంచి వచ్చినదైతే, సిద్ధమైన ఆహారం తెచ్చిపెట్టడం భర్త బాధ్యత. చేయగలిగిన స్త్రీకి అది నైతిక బాధ్యతే, కాని న్యాయస్థానం ఆమెను బలవంతపెట్టజాలదు. దైవప్రవక్త (స) స్వయంగా ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). కాబట్టి ఇస్రాఫ్ పేరు చెప్పి ఇల్లాలికి ఉన్న ఒక్క పూట విశ్రాంతినీ లాగేసుకోవడం పొదుపు కాదు. మన ఖర్చును ఆమె నడుము మీద మోపడమే. డబ్బు లేకపోతే హోటల్ మానవచ్చు. అప్పుడు ఆదివారం గరిటె భర్త పట్టుకోవాలి. పెద్ద పిల్లలు ఉల్లిపాయలు తరగాలి.

మూడు ప్రశ్నలు

బయట భోజనానికి బయలుదేరే ముందు ప్రతి కుటుంబ యజమానీ తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఈ సొమ్ములో అప్పులవానిది, జకాత్‌ది, తల్లిదండ్రులది, బంధువులది ఏదైనా హక్కు మిగిలి ఉందా? రెండు, నేను వెళ్లేది ఇంటివారి సంతోషం కోసమా, నలుగురికి చూపించుకోవడానికా? మూడు, పళ్లెంలో వదిలేయకుండా తింటున్నామా, మిగిలినది ఇంటికి తెచ్చుకుంటున్నామా? వీటికి సరైన జవాబు ఉంటే బిస్మిల్లాహ్ చెప్పి తినండి. కుటుంబంపై ఖర్చుపెట్టే దీనారుకు గొప్ప పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (ముస్లిం).

ఆ సోదరునికి నేను చెప్పింది ఇదే: "నెలలో రెండు ఆదివారాలు హోటల్‌కు వెళ్లండి. మిగతా రెండు ఆదివారాల 3,000 మీ అక్కకు పంపండి. ఆ రెండు రోజులు వంట మాత్రం మీది." ఆయన లేస్తూ, "మౌలానా సాబ్, నాకు అన్నం వార్చడం కూడా రాదు" అన్నారు. "నేర్పించేవారు ఇంట్లోనే ఉన్నారు కదా" అన్నాను.

ఇచ్చిన ప్రతి అనుగ్రహం గురించీ ప్రళయదినాన ప్రశ్న ఉంది (102:8). ఆ ప్రశ్నకు ఇప్పటి నుంచే జవాబు సిద్ధం చేసుకునే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.