చూడటం కూడా తీసుకోవడమేనా?



పంచశీలలో రెండోది మనం ప్రతి ఆదివారం చెప్పుకుంటాం, అదిన్నాదానం చెయ్యనని. దాన్ని ‘దొంగతనం చెయ్యను’ అని తెలుగు చేసుకుని ఊరుకుంటున్నాం. కానీ మాట అది కాదు. దిన్న అంటే ఇచ్చినది. అదిన్న అంటే ఇవ్వనిది. ఇవ్వనిదాన్ని తీసుకోనని మనం మాట ఇస్తున్నాం. దొంగతనం కంటే ఇది చాలా పెద్ద సంగతి. ఎంత పెద్దదో నాకు తేలినీలాపురంలో చేపలమ్మే ఒకావిడ చెప్పింది. ఆవిడ బౌద్ధురాలు కాదు. పంచశీల ఆవిడెప్పుడూ విని ఉండదు.

మొదట్నుంచీ చెప్తాను. మా మేనల్లుడు గ్లాస్గోలో నర్సు ఉద్యోగం చేస్తున్నాడు. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి, హాస్టల్లో చదువుకుని అక్కడిదాకా వెళ్ళినవాడు. రెండేళ్ళ కిందట ఒక పెద్ద కెమెరా కొన్నాడు. సెలవు దొరికితే స్కాట్లాండు పడమటి తీరంలో మల్ అనే దీవికి పోతాడు. అక్కడ సముద్రపొడ్డున నీటికుక్కలు తిరుగుతాయి. వాటిని, గద్దల్ని ఫొటోలు తీస్తాడు. ఫోన్ చేస్తే అవే కబుర్లు. నాకు మొదట్లో చిరాకేసేది. ఇంటికి డబ్బు పంపేవాడు ఆ కెమెరాకి అంత పోస్తాడా అని.

కానీ వాడు చెప్పే పద్ధతి వింటుంటే ఆసక్తి పుట్టింది. నీటికుక్కకి కంటి చూపు కంటే వాసన ఎక్కువ తెలుస్తుందట. అందుకని గాలి మన మీంచి దాని వైపు పోకుండా చూసుకోవాలి. అది నీళ్ళలో మునిగినప్పుడే నాలుగడుగులు ముందుకు వెయ్యాలి. తల పైకెత్తగానే రాయిలా ఉండిపోవాలి. సముద్రంలో వేటాడినా, బొచ్చుకి పట్టిన ఉప్పు కడుక్కోడానికి దానికి మంచినీళ్ళు కావాలి. సీలు చేపకున్నట్టు ఒంట్లో కొవ్వు పొర దానికి లేదు. చలి నీళ్ళలో ఒళ్ళు వెచ్చగా ఉండాలంటే రోజంతా తింటూనే ఉండాలి. మనల్ని చూసి బెదిరి ఒక చేప వదిలేసిందంటే అది దాని ఒంట్లో వేడిలోంచి తీసుకున్నట్టే. గద్దల విషయంలో అయితే చట్టమే ఉంది. తెల్లతోక గద్దల్ని ఆ దేశం వాళ్ళే వేటాడి, విషం పెట్టి తుడిచిపెట్టేశారు. 1975 నుంచి నార్వే పిల్లల్ని తెచ్చి రమ్ దీవిలో వదిలితే మళ్ళీ నిలబడ్డాయి. ఇప్పుడు గూడు మీదున్న ఆ గద్దని కావాలని కదిలించడం 1981 చట్టం ప్రకారం నేరం. చంపడమే కాదు, కదిలించడం కూడా. ఆ మాట నాకు నచ్చింది.

నీటికుక్కలు మన దగ్గరా ఉన్నాయి, కోరింగ మడ అడవుల్లో. వల చింపుతుందని, చేపలు ఖాళీ చేస్తుందని జాలర్లకి దాని మీద కోపం. కోపం ఉన్నవాడికీ కెమెరా ఉన్నవాడికీ అది ఒకేలా కనపడదు. ఇద్దర్లో ఎవరికి ఎక్కువ తెలుసంటే నేను జాలరి వైపే మొగ్గుతాను.

మొన్న జనవరిలో వాడు ఇంటికొచ్చాడు. నీటికుక్కల కోసం కోరింగ దాకా ఎందుకు, మన జిల్లాల్లో పిట్టలున్నాయి పద అని టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్ళాను. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. అక్కడ పక్షులు ఎక్కడో అడవిలో ఉండవు. ఊళ్ళోనే, ఇళ్ళ పక్క చెట్ల మీదే గూళ్ళు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. చెట్టు కింద నేలంతా తెల్లగా రెట్ట, చేపల కంపు. కింద గిన్నెలు తోముకుంటుంటారు, పైన కొంగ మధ్యాహ్నం ఎండకి రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకి నీడ పడుతూ నిలబడి ఉంటుంది. గంటసేపు అలా నిలబడింది. తేలుకుంచిలోనూ అంతే, ఇచ్ఛాపురం దగ్గర. అక్కడ వానల మొదట్లో నత్తగుల్ల కొంగలొస్తాయి. అవి వస్తే పంటలు బాగుంటాయని జనం నమ్మకం. ఈ ఊళ్ళవాళ్ళు శాకాహారులేం కాదు. చేప తింటారు, కోడిని తింటారు, ఈ పిట్ట మీద మాత్రం చెయ్యి వెయ్యరు. అహింసంటే పప్పన్నమని మనకి చెప్పేవాళ్ళు ఒకసారి అక్కడికి పోయి రావాలి.

ఇంకో మాట. అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు. కాదు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, మూడూ మన దక్షిణాసియావే. ఎక్కడ నీళ్ళుంటే అక్కడికి తిరుగుతాయి. ఇక్కడివే అంటే మనకి గౌరవం రాదు, దూరం నుంచి రావాలి. శాలిహుండం వంశధార ఒడ్డునే ఉన్నా, బౌద్ధం మనది కాదు ఎక్కణ్ణుంచో తెచ్చుకున్నారు అనేవాళ్ళని మనం చూళ్ళేదా!

సరే, మావాడు పొద్దున్నుంచీ పిట్టల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చూసి నేను మురిసిపోయాను. చప్పట్లు కొట్టి లేపుదామని ఒక కుర్రాడు చెయ్యెత్తితే ఆపాడు. “తల్లి లేచిపోతే పిల్లలు ఎండకి మాడిపోతాయిరా, లేకపోతే కాకి ఎత్తుకుపోతుంది” అని చెప్పాడు. గూటికి మరీ దగ్గరికి పోలేదు. చెట్టు చాటున కూర్చుని, కొంగ వీడి వైపు మెడ తిప్పితే కెమెరా దించేసేవాడు.

తిరిగొస్తుంటే దారి పక్కన చింతచెట్టు కింద ఒకావిడ గంపలో చేపలు పెట్టుకుని అమ్ముతోంది. అరవై ఉంటాయేమో. చేపలు వెండిలా మెరుస్తున్నాయి, ముడతలు పడిన చెయ్యి వాటి మీద, పైన కొమ్మ మీద కొంగలు. వీడు నడుస్తూ నడుస్తూనే కెమెరా ఎత్తి మూడు నాలుగు తీసేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆపలేదు. నిజం చెప్పాలంటే, ఫొటో భలే వస్తుంది అనుకున్నాను.

ఆవిడ తలెత్తి అంది: “ఏటి బాబూ, పిట్టలు బెదిరిపోతాయని పొద్దున్నుంచీ సెట్టు సాటున నక్కి నక్కి కూకున్నావు. నాకాడికొచ్చీసరికి టపీమని తీసీసినావేటి? దానికి నోరు నేదు. నాకుంది గదా. అడిగితే సెప్పనా?”

వాడి మొహం పాలిపోయింది. నా సంగతి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక నేను ఆలోచించింది ఇది. బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో అహింస గురించి రాస్తూ, సూత్రానికీ నియమానికీ తేడా ఉందంటారు. నియమం ఇది చెయ్యి, అది చెయ్యకు అని కట్టేస్తుంది. సూత్రం నీ బుద్ధికి వదిలిపెడుతుంది, ఎక్కడ ఏం చెయ్యాలో నువ్వే చూసుకోవాలి. ఆ తేడా చాలాసార్లు చదివాను, మీటింగుల్లో చెప్పాను. మావాడు ఆ దీవిలో నేర్చుకున్నది నియమం. నీటికుక్కకి ఇంత దూరం, గద్ద గూటికి ఇంత దూరం. చేపలమ్మే మనిషికి ఎంత దూరమో అక్కడ ఎవరూ రాసిపెట్టలేదు. రాసిలేదు కాబట్టి తీసేశాడు. వాడిది నియమం, సరే. నా దగ్గర సూత్రం ఉంది గదా, నేనేం చేశాను? భలే ఫొటో అనుకున్నాను!

మన మాటలోనే ఉంది చూడండి. ఫొటో ‘తీస్తాం’. మంచి షాట్ ‘దొరికింది’ అంటాం. వేటగాడి మాటలే. పిట్ట ఇస్తానని చెప్పలేదు. కానీ ఇవ్వననడం దానికి వచ్చు. మెడ తిప్పడం, రెక్క సగం విప్పడం, లేచిపోవడం. అదీ దాని భాషే. మనిషైతే నోటితో చెప్తుంది, కానీ అడిగితే కదా. అడగకపోవడానికి కారణం వాడు చెడ్డవాడు కావడం కాదు. ఆవిడ ‘కాదు’ అనగలదన్న ఆలోచనే ఆ క్షణంలో రాలేదు. పిట్టకిచ్చిన పాటి మర్యాద ఆవిడకి దక్కలేదు.

మనల్ని ఇలా చూడటం కొత్తేమీ కాదు. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మనుషుల్ని నిలబెట్టి ముక్కులు, తలలు కొలిచాడు, ఫొటోలు తీయించాడు. జంతువుల నమూనాలు దాచిపెట్టే మ్యూజియమే మనుషుల కొలతలూ దాచింది. మాల, మాదిగ, సవర, అందరూ అందులో ఉన్నారు. కొలిచినవాడి పేరు అందరికీ తెలుసు. కొలతకి నిలబడినవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు?

అంత దూరం ఎందుకు. నేను హాస్టల్లో ఆరో తరగతి చదువుతున్నప్పుడు ఒక సంస్థవాళ్ళు వచ్చి అన్నం పళ్ళేలతో మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఎవరో ఏదో అంటే నేను నవ్వాను. “నవ్వొద్దు బాబూ, ఆకలిగా ఉన్నట్టు చూడు” అన్నారు. అప్పటికే తినేశాం, ఆకలి లేదు. అయినా అలాగే చూశాను. ఆ ఫొటో ఎక్కడ అచ్చయిందో, దాన్ని చూసి ఎవరు ఎంత ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలీదు. నా దగ్గర్నుంచి ఏం పోయింది అంటే చూపించడానికి ఏమీ లేదు. కానీ పోయింది.

అలాగని కెమెరా మూసేద్దామా? నేను ఆ మాట అనను. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో మనవాళ్ళు ఐదుగుర్ని చంపినప్పుడు, చూడకుండా మొహం తిప్పుకోవడమే పాపం. ఆ రోజు కెమెరా ఎత్తాలి, చంపినవాడు ఇష్టపడినా పడకపోయినా. 2021 డిసెంబరు చివర, 2022 జనవరిలో తేలినీలాపురంలో గూడబాతులు వందకి పైగా చచ్చిపోయాయి. చేపల్లోంచి వచ్చిన నులిపురుగులని తేల్చారు. చచ్చిన పిట్టల ఫొటోలు బయటికి రాబట్టే లోకానికి తెలిసింది. వాటిని తీసినవాడు ఏం దొంగిలించాడు? ఏమీ లేదు. చేతన వేరు. కానీ అక్కడా ఒక చిక్కుంది, మనకి నొప్పిగా ఉన్నా చెప్పాలి. మన సభల ఫ్లెక్సీల మీద ఏడుస్తున్న తల్లుల మొహాలు వేస్తుంటాం. ఆ తల్లి ఆ ఏడుపు మనకి ఇచ్చిందా? పదేళ్ళయినా అదే మొహంతో ఉండిపోవడం ఆవిడకి ఇష్టమేనా? ఎవరైనా వెళ్ళి అడిగారా? ఉద్యమం కోసమే గదా అంటారు. మా హాస్టల్‌కి వచ్చినవాళ్ళూ మా మంచి కోసమే వచ్చారు.

ఇంకొకటి, ఫ్రేములో పడనిది. మావాడి ఫొటోల్లో కొంగలు ఎంత బాగా వచ్చాయో చెప్పలేను, ఒక్కో ఈక లెక్కపెట్టొచ్చు. కానీ ఆ కొంగలు మేతకి పోయే నౌపడ బీల ఒక్క దాంట్లోనూ లేదు. ఆ పక్కనే కాకరాపల్లిలో, థర్మల్ ప్లాంటుకి బీల పోకూడదని నిలబడ్డ జనం మీద 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాది జులై 14న సోంపేటలోనూ అదే. బీల నిలిస్తే మనిషికి చేప, గొడ్డుకి మేత, కొంగకి తిండి. అందమైన పిట్టని మాత్రం కత్తిరించి తెచ్చుకుని, అది నిలబడిన నీళ్ళని, ఆ నీళ్ళ కోసం నిలబడినవాళ్ళని బయట వదిలేస్తే, అది చూసినట్టా? వాడికి ఈ సంగతి చెప్తే “మావయ్యా, నేను పుట్టిన జిల్లాలు నాకే తెలీదు” అన్నాడు. తెలుసుకోవడానికి కాకరాపల్లి పోయి వచ్చాడు, ఈసారి కెమెరా ఇంట్లో పెట్టి.

ఆవిడ దగ్గర ఏం జరిగిందో చెప్పడం మరిచాను. వాడు చేతులు కట్టుకుని “తప్పయిపోయిందమ్మా, తీసేస్తాను” అని కెమెరా ఇచ్చి చూపించాడు. ఆవిడ కళ్ళు చిట్లించి చూసి నవ్వేసింది.

“ఇందల నా మొకమేదీ? సేపలు మాత్తరం అగుపడతన్నాయి. ఉండు.” కొంగుతో మొహం తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. గంప పక్కకి జరిపి చెట్టుకి ఆనుకుని నిలబడింది. “పైన పిట్టలు కూడా పడాల. ఇప్పుడు తియ్యి. కాయితం మీద ఏయించి పంపాల, మరిసిపోకు.”

తీశాడు. ఆ పాతవన్నీ ఆవిడ ముందే చెరిపేశాడు. గ్లాస్గో వెళ్ళాక ఫైలు నా ఫోనుకి పంపాడు. శ్రీకాకుళంలో పెద్ద సైజులో ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి పెట్టాను. వచ్చే ఆదివారం విహారంలో వందన అయ్యాక టెక్కలి బస్సెక్కుతున్నాను. ఎవరైనా వస్తామంటే రండి. మార్చి దాటితే పిట్టలు వెళ్ళిపోతాయి.