మూడు గళ్ల కవిలె

ఒక మెట్టసీమలో పెద్ద చెరువు, ఆ చెరువు కింద ఒక ఊరు. ఊళ్లో రెండు వీధులు. పైవీధివాళ్లు చెరువు తవ్వించిన నాటినుంచీ ఉన్నవాళ్లు. కిందివీధివాళ్ల తాతలు ఏదో కరువులో ఏటి అవతలినుంచి వలసొచ్చి అక్కడే నిలిచిపోయారు. ఆయకట్టులో వాళ్లకూ మడులున్నాయి. కానీ నీటివంతు మాత్రం అందరి పొలాలూ తడిశాక, తెల్లవారుజామున వచ్చేది. నీరుగంటిని ఎంచుకునే రోజు వాళ్లను రచ్చబండ దగ్గరికి పిలిచేవాళ్లు కాదు.

ఏటి అవతల ఒక పాలెగాడు ఉండేవాడు. ఆ చెరువు మీద వాడికి ఎప్పటినుంచో కన్ను. మందిని వెంటేసుకుని మీద పడితే రాజుగారి ఠాణా ఊరుకోదు. అందుకని వాడు ఊరి జోలికి రానట్టే ఉన్నాడు. ఒక రాత్రి తూము సగానికి మూసుకుంది. కిందివీధి మడులు ఎండాయి. ఆ వారం సంతలో ఎవరో గాజులమ్మేవాడు, పైవీధివాళ్లే మూశారట అని చెప్పి పోయాడు. నెల తిరక్కుండా పైవీధి పోతురాజు రాయి పక్కకు ఒరిగింది. ఈసారి వేళ్లన్నీ కిందివీధి వైపు తిరిగాయి. గడ్డివామి ఒకటి కాలింది. ఎవరిదో ఎద్దు చచ్చింది. పిండివంటలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్లు తలుపులేసుకున్నాయి.

వీధిబడి అయ్యవారు మాత్రం ప్రతి సంగతినీ కవిలెలో రాసుకునేవాడు. మూడు గళ్లు గీశాడు: కంటితో చూసింది, చెవితో విన్నది, మనసులో అనుకున్నది. ఎవరు చూశారు, ఏ జామున చూశారు, ఆ మాట మొదట ఎవరి నోట వచ్చింది అని ఇంటింటికీ తిరిగి అడిగేవాడు.

ఊరి పెద్దకాపు ఆయన దగ్గర ఓనమాలు దిద్దినవాడే. ఒకనాడు ఓపిక పట్టలేకపోయాడు.

"ఇల్లు కాలతా ఉంటే రాతలేంది అయ్యవారూ! అంతా ఆ అవతలోడి పనే. లోపల కిందివీధోళ్లు వాడికి తోడు. కర్రలు తీసుకోని పోదాం."

"పోయి ఎవర్ని కొడతావు నాయనా? నీ కోపం నిజమే. ముందు ఊరంతా ఒకసారి కూర్చుని ఇది వినండి. ఊరంతా అంటే రెండు వీధులూ."

ఆ సాయంత్రం రచ్చబండ దగ్గర కవిలె చదివాడు. మొత్తం పదకొండు సంగతులు. తూము మూసినవాడు పాలెగాడి మనిషే. ఆ రాత్రి వాణ్ని ఏరు దాటించిన పడవవాడు ఒప్పుకున్నాడు. గాజులమ్మినవాడూ అక్కడివాడే. పోతురాజు రాయి ఒరిగింది మాత్రం వానకు కింద మట్టి కొట్టుకుపోయి. గడ్డివామి కాలింది పైవీధి కుర్రాడొకడు పారేసిన చుట్ట వల్ల. ఎద్దు చచ్చింది రోగంతో.

"పదకొండింటిలో అవతలివాడివి మూడు. మిగతా ఎనిమిదీ మనమే వాడి పేర రాసిచ్చాం. ఆ మూడూ ఎక్కడ తగిలాయో చూడండి. మూడూ నీటివంతు దగ్గరే తగిలాయి."

కిందివీధి ముసలామె ఒకతె లేచింది. "మా వంతు చీకట్లో వస్తాది సామీ. నీళ్లు తగ్గితే తూము ఎవరు మూసినారో మాకెట్లా తెలుస్తాది? ఎవరేం చెప్తే అది నమ్మాల."

పొద్దుపోయేదాకా వాదనలయ్యాయి. చివరికి రెండు కట్టుబాట్లు చేసుకున్నారు. తెల్లవారుజాము వంతు ఒక ఏడు ఒక వీధిది, మరో ఏడు ఇంకో వీధిది. నీరుగంటికి తోడుగా కిందివీధినుంచి ఒకడు. రేవు దగ్గర కాపలా కూడా పెట్టారు. పైవీధిలో కొందరు చాలాకాలం సణిగారు. ఆ సణుగుడు పూర్తిగా ఎప్పటికీ పోలేదు.

మరుసటేడు వానలకు చెరువు మరవ పారింది. ఆ రాత్రే పాలెగాడి మనుషులు కట్ట తెంపడానికి వచ్చారు. పారల చప్పుడు ముందు విన్నవాడు కిందివీధి నీరుగంటి. వచ్చినవాళ్లలో ఒకడు వాణ్ని గుర్తుపట్టాడు.

"నువ్వు మావాడివిరా. మీ తాతది మా ఊరే. గమ్మునుండు."

"మా తాతది మీ ఊరే. ఈ రాత్రి నీళ్లు మాత్రం నా వంతు," అని వాడు ఊరంతా లేచేలా కేకపెట్టాడు. కట్ట నిలిచింది.

నీతి: చాటుగా దెబ్బతీసే శత్రువు మన మధ్య ముందే ఉన్న చీలికను వాడుకుంటాడు. చూసినదాన్ని విన్నదానితో కలపకుండా వాడి పనిని తేల్చుకోవాలి, ఆ చీలికను మనమే పూడ్చుకోవాలి.

అంతర్జాతీయ భద్రతను, హైబ్రిడ్ యుద్ధాన్ని చదివే ఆచార్యుల పని ఆ అయ్యవారి పనే. హైబ్రిడ్ యుద్ధం అనే మాటకు ఇప్పుడున్న ప్రచారం రావడానికి ముఖ్య కారణం, అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన ఫ్రాంక్ హాఫ్‌మన్ 2007లో ప్రచురించిన అధ్యయనం. లెబనాన్‌లో హెజ్‌బొల్లా 2006లో ఇజ్రాయెల్‌తో 34 రోజులు పోరాడిన తీరును ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు: క్షిపణులూ, గెరిల్లా పద్ధతులూ, ప్రచారమూ ఒకే చోట కలిసిన యుద్ధం. 2014లో గుర్తులు లేని యూనిఫారాలతో రష్యన్ సైనికులు క్రిమియాలో దిగాక ఆ మాట పరిధి బాగా పెరిగింది. వదంతులు, సైబర్ దాడులు, గ్యాస్ సరఫరా ఆపడం కూడా దాని కిందికే వచ్చాయి. ఆలోచన మాత్రం పాతదే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో బాహాటంగా చేసే ప్రకాశయుద్ధం, మోసంతో చేసే కూటయుద్ధం, చాటుగా చేసే తూష్ణీంయుద్ధం అని ముందే వేరుచేసి చెప్పాడు.

కథలోని ఊరు ఎక్కడుందని అడిగితే నేను ఎస్టోనియా రాజధాని టాలిన్‌ను చూపిస్తాను. 2007లో ఆ దేశ జనాభా సుమారు 13 లక్షలు. అందులో నాలుగో వంతుకు పైగా రష్యన్ మాట్లాడేవాళ్లు. వాళ్లలో లక్షకు పైగా మందికి ఏ దేశ పౌరసత్వమూ లేదు, పార్లమెంటు ఎన్నికల్లో ఓటూ లేదు. నగరం నడిబొడ్డున 1947లో నిలిపిన సోవియట్ సైనికుడి కంచు విగ్రహం ఉండేది. రష్యన్లకు అది నాజీలపై గెలుపు. ఎస్టోనియన్లకు 1949 మార్చిలో 20 వేలకు పైగా తమవాళ్లను సైబీరియా వైపు తరలించిన రాజ్యానికి గుర్తు. రెండు బాధలూ నిజమైనవే. విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించే ఏర్పాట్లు మొదలవగానే, దాన్నీ పక్కనున్న సమాధులనూ ధ్వంసం చేస్తున్నారన్న అబద్ధం రష్యన్ మీడియాలో పాకింది. ఏప్రిల్ 26 రాత్రి అల్లర్లు మొదలయ్యాయి, ఒక మనిషి చనిపోయాడు. మర్నాటినుంచి సుమారు మూడు వారాలపాటు బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ కార్యాలయాల వెబ్‌సైట్లపై సైబర్ దాడులు జరిగాయి.

ఎవరు చేశారు? అనుమానం మాస్కో మీదే. మాస్కో కాదంది. ఆ ప్రభుత్వమే చేయించిందని తిరుగులేని రుజువు ప్రజల ముందుకు రాలేదు. శిక్ష పడింది మాత్రం టాలిన్‌లోనే ఉండే ఇరవై ఏళ్ల రష్యన్ జాతి విద్యార్థి ఒకడికి. ప్రధానమంత్రి పార్టీ వెబ్‌సైట్‌ను అడ్డుకున్నందుకు 2008లో కోర్టు 17,500 క్రూన్ల జరిమానా వేసింది. బయటి చెయ్యి ఎంత పొడవున్నా, ఈ కుర్రాడి కోపం ఆ ఊళ్లో పుట్టిందే. నాకు ఆ కేసులో అన్నిటికన్నా బరువైన సంగతి అదే.

మూడు గళ్లను కలిపేస్తే ఏమవుతుందో మార్క్ గలియోటి అనే బ్రిటిష్ పండితుడి అనుభవం చెబుతుంది. రష్యా సేనాని వలేరి గెరాసిమోవ్ 2013లో రాసిన వ్యాసానికి ఆయన 'గెరాసిమోవ్ సిద్ధాంతం' అని పేరు పెట్టాడు. ప్రపంచమంతా దాన్ని రష్యా రహస్య యుద్ధ పథకంగా చెప్పుకుంది. నిజానికి ఆ వ్యాసం ఎక్కువగా, అరబ్ దేశాల తిరుగుబాట్లను చూసి, పాశ్చాత్యులు ఏం చేస్తున్నారని రష్యన్లు అనుకున్నారో చెప్పింది. 2018లో గలియోటి ఆ పేరు పెట్టినందుకు బహిరంగంగా క్షమాపణ రాశాడు. ఇంత పేరున్న పండితుడు తన మాటను తానే కొట్టేసుకోవడం చిన్న సంగతేమీ కాదు. ప్రతి గడ్డివామినీ పాలెగాడి ఖాతాలో వేస్తే పాలెగాడు ఇంకా పెద్దవాడవుతాడని ఆయన చూడగలిగాడు.

ఎస్టోనియా కాపలా త్వరగానే పెట్టుకుంది. నాటో సైబర్ రక్షణ కేంద్రం 2008లోనే టాలిన్‌లో మొదలైంది. రష్యన్ మాట్లాడే తన ప్రజలు మాస్కో టీవీ మీదే ఆధారపడకుండా, వాళ్ల భాషలో ప్రభుత్వరంగ ఛానెల్ ఈటీవీ ప్లస్ ప్రారంభమైంది 2015 సెప్టెంబరులో. కాపలా ఏడాదికి వచ్చింది, వంతు రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది.